బీడు పెడితే చేజారే పోడు

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ వైపు ఇప్పుడు పోడు అనగానే పట్టా, సర్వే, ఫారెస్టు కేసు గుర్తొస్తాయి. 2022 నవంబరులో ఈ మండలంలోని బెండాలపాడు అడవిలో రేంజి అధికారి ప్రాణం తీసింది కూడా పోడు తగాదాయే. ఈ గొడవల్లో పడి పాత పోడు ఎలా సాగేదో ఎవరూ అడగడం లేదు.

వేసవిలో చెట్టూ పుట్టా కొట్టి ఎండబెట్టి, తొలకరికి ముందు కాల్చేవారు. బూడిదే ఎరువు. ఏటవాలు మీద నాగలి లేకుండా జొన్న, సామ, కొర్ర, కంది, అలసంద కలిపి విత్తేవారు. సామ ముందు చేతికొస్తుంది, తర్వాత జొన్న, అన్నిటికన్నా ఆఖరున కంది. వాన మధ్యలో మొహం చాటేసినా ఏదో ఒకటి గింజ కట్టేది. రెండు మూడేళ్లకు నేల సత్తువ తగ్గితే వదిలేసి మరో చోటికి మారేవారు. పాత చోట మళ్లీ అడవి లేచేది. గోదావరి కొండల్లో కొండరెడ్ల పోడును మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ తన 1945 నాటి పుస్తకంలో వివరంగా రాశాడు.

1882 మద్రాసు అటవీ చట్టం నుంచీ ఈ తిరుగుడు సేద్యానికి కష్టాలే. 2006 అటవీ హక్కుల చట్టం మేలే చేసింది. కానీ అది 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న భూమికే సాగు హక్కు ఇస్తుంది. ఇక బీడు పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? ఖాళీగా కనిపిస్తే అటవీ శాఖ మొక్కలు నాటేస్తుందని భయం. అందుకే అదే చెలకలో ఏటా పత్తి.

పాత పోడులాగే తిండీ కాలాన్ని బట్టే. ఇప్పపువ్వు చైత్రంలో, వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు వానల్లో. కొత్తల పండుగ చేసి దేవతకు పెట్టందే కోయలు కొత్త ధాన్యం ముట్టరు. పచ్చి గింజ తెంపకుండా, విత్తనం ముదిరేదాకా ఆగడానికి ఇంతకన్నా గట్టి కట్టుబాటు నాకు కనబడదు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఆకలి తగ్గింది, జొన్న గటక కూడా తగ్గింది. ఇప్పుడు భద్రాచలం మహిళలు చిరుధాన్యాల బిస్కెట్లు చేసి హైదరాబాదుకు పంపుతున్నారు. సంతోషమే, కానీ వాళ్ల పిల్లల కంచంలోకీ ఆ గింజ రావాలి.

ఇప్పుడు కొండ మారలేం, పంట మార్చొచ్చు. పత్తి వేసిన ముక్కలో మరుసటేడు జొన్న, కంది, అలసంద కలిపి వేస్తే పప్పుజాతి వేళ్లు నేలకు నత్రజని అందిస్తాయి. అయినా అది అడవి లేచే బీడుకు సాటిరాదు. పట్టా భూమిలో నాలుగో వంతు బీడు పెట్టినా హక్కు పోదని ముందు ప్రభుత్వం కాగితం మీద రాసివ్వాలి.