టీమ్ పోయింది... అప్పు మిగిలింది!

2017 మే నెలలో తానా మహాసభలకు అమెరికాలోని సెయింట్ లూయిస్ వెళ్లినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. సభలు జరిగిన అమెరికాస్ సెంటర్‌ను ఆనుకునే ఓ పెద్ద డోమ్ స్టేడియం ఉంది. అందులో ఆడిన టీమ్ అప్పటికే ఊరు వదిలి ఏడాది దాటింది. స్టేడియం బాకీ మాత్రం జనం అప్పటికింకా కడుతూనే ఉన్నారు!

పెళ్లికొడుకు లేకుండానే పందిరి

1988లో కార్డినల్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ సెయింట్ లూయిస్‌ని వదిలి అరిజోనా వెళ్లిపోయింది. ఊరికది తలవంపులుగా తోచింది. స్టేడియం కడితే ఏదో ఒక టీమ్ రాకపోతుందా అనుకున్నారు. సుమారు 28 కోట్ల డాలర్లతో కట్టేశారు. అప్పు, నిర్వహణ కలిపి ఏటా 2.4 కోట్ల డాలర్లు. అందులో సగం మిస్సోరి రాష్ట్రానిది, మిగతా సగం కౌంటీ, సిటీ చెరిసగం.

అనుకున్నట్టే 1995లో లాస్ ఏంజిలిస్ నుంచి రామ్స్ టీమ్ వచ్చింది. 2000 జనవరిలో సూపర్ బౌల్ కూడా గెలిచింది. ఊరంతా పండగే!

కొంపముంచిన షరతు

టీమ్‌ని రప్పించాలన్న ఆత్రంలో లీజులో ఓ షరతుకి ఒప్పుకున్నారు. పదేళ్లకోసారి లెక్క చూసినప్పుడు ఈ స్టేడియం లీగ్‌లోని మేటి పాతిక శాతంలో ఉండాలి. లేదంటే టీమ్ తన దారి తాను చూసుకోవచ్చు. ఇతర నగరాల్లో కొత్త స్టేడియాలు వస్తుంటే ఆ పోటీకి అంతేముంది? 2013లో మధ్యవర్తులు రామ్స్ వైపే మొగ్గారు. వాళ్లు అడిగిన మరమ్మతుల ఖర్చు దాదాపు 70 కోట్ల డాలర్లు. అంటే, కట్టిన ఖర్చుకి రెండున్నర రెట్లు! ఊరు కాదంది. 2016 జనవరిలో టీమ్ యజమానులు 30-2 ఓట్లతో రామ్స్‌ని తిరిగి లాస్ ఏంజిలిస్ పంపేశారు.

ఊరు కోర్టుకెళ్లింది. 2021 నవంబరులో 79 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అందులో మూడో వంతుకు పైగా లాయర్ల ఫీజులకే పోయింది.

‘స్టేడియం వస్తే వ్యాపారం పెరుగుతుంది’ అంటారు కదా! ఆర్థికవేత్తలు దశాబ్దాలుగా చెప్తున్నది వేరు. ఆటకి పెట్టే డబ్బు కొత్తగా పుట్టదు. అదే ఊళ్లో సినిమాకో హోటల్‌కో పోయే డబ్బే ఇటు మళ్లుతుంది. పైగా ఫుట్‌బాల్ టీమ్ సొంతగడ్డ మీద ఆడేది ఏడాదికి పట్టుమని పది రోజులు.

ఈసారి వద్దన్నారు

తానా సభలకి నెల ముందే, 2017 ఏప్రిల్‌లో, ఆ ఊరి ఓటర్ల ముందుకు మరో ప్రతిపాదన వచ్చింది. సాకర్ స్టేడియానికి 6 కోట్ల డాలర్లు ఇవ్వాలా అని. జనం వద్దన్నారు. అంతటితో ఆట ఆగిందా? లేదు. తర్వాత వచ్చిన యజమానులు పన్నుల్లో కొన్ని రాయితీలు పొందినా, చాలావరకు సొంత డబ్బుతోనే స్టేడియం కట్టుకున్నారు. 2023 నుంచి అక్కడ లీగ్ మ్యాచ్‌లు జరుగుతున్నాయి.

డబ్బున్న యజమాని ‘మీరివ్వకపోతే వెళ్లిపోతాం’ అన్నప్పుడు ప్రతిసారీ బెదరక్కర్లేదని సెయింట్ లూయిస్ ఆలస్యంగా తెలుసుకుంది. ఆ పాఠానికి కట్టిన ఫీజే కాస్త ఎక్కువ!