సేవా సంఘాలు – శాంతికి దారి



"శాంతి" అనగానే మనకి తెల్ల పావురం బొమ్మ గుర్తుకొస్తుంది. ఆగస్టు పదిహేనుకి చార్టు మీద వేస్తాం, గోడకి అంటిస్తాం, వారం పోయాక చింపేస్తాం. మరి నిజమైన శాంతి ఎట్లా వస్తుంది? దాన్ని ఎవరు తెస్తారు? పెద్ద పెద్ద నాయకులేనా, మనలాంటి వాళ్ళు కూడా తేగలరా? ఈ నెల గోడపత్రికకి దీని గురించి రాయమని సారు చెప్పారు. నేను చదివినవీ, కళ్ళారా చూసినవీ కలిపి రాస్తున్నాను. కాస్త ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మన పల్నాటి పాఠం

ముందు మన గడ్డ సంగతే చూద్దాం. పన్నెండో శతాబ్దంలో జరిగిన పల్నాటి యుద్ధం కథ మీకు తెలుసు. గురజాల ఒక పక్షం, మాచర్ల ఒక పక్షం. రెండు పక్షాల రాజులూ అన్నదమ్ములే. కోడిపందెంతో ముదిరిన పగ కారెంపూడి దగ్గర యుద్ధంతో ముగిసింది. గెలిచినవాళ్ళకి కూడా మిగిలింది ఏమీ లేదు.

ఆ కథలో రెండు విషయాలు గమనించండి. ఒకటి, బ్రహ్మనాయుడి చాపకూడు. కులం చూడకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడు. మాలవాడైన కన్నమదాసుని సేనానిగా చేశాడు. ఎనిమిది వందల ఏళ్ళ కిందటే ఇంత గొప్ప పని మన పల్నాట్లో జరిగిందని చెప్పుకుంటాం.

రెండోది, అలరాజు రాయబారం. యుద్ధం వద్దని మాట్లాడటానికి అలరాజు వెళ్ళాడు. కథ ప్రకారం అతనికి విషం పెట్టి చంపారు. ఆ తర్వాత ఇక యుద్ధం ఆగలేదు.

దీంట్లో నాకు తోచింది చెబుతాను. తప్పైతే సార్లు దిద్దుతారు. చాపకూడు గొప్పదే, కానీ ఆ చాప మీద కూర్చున్నది ఒక పక్షం వాళ్ళే. అటు పక్షం వాళ్ళ దాకా ఆ చాప పోలేదు. చివరికి అంతా చేయి దాటిపోయాక ఒక్కడిని రాయబారం పంపితే, అప్పటికి ఏం లాభం? శాంతి అనేది గొడవ వచ్చిన రోజు తెచ్చేది కాదు. గొడవ లేని రోజుల్లో రెండు పక్షాలూ కలిసి తిని, కలిసి పని చేసి, కూడబెట్టుకోవాల్సింది. సేవా సంఘాలు చేయగలిగిన పని సరిగ్గా ఇదే.

ఇది పాత కథ అని తీసిపారేయకండి. 2024 మే నెలలో ఎన్నికలప్పుడు మాచర్ల, నరసరావుపేట వైపు గొడవలు జరిగి, 144 సెక్షన్ పెట్టారు. మనలో చాలామంది ఊళ్ళల్లో రెండు పార్టీలున్నాయి. పెళ్ళికి పిలుపులుండవు, ఒక బజారువాళ్ళు ఇంకో బజారుకి పోరు. మా తండాలోనూ అంతే. మా యాడి (అమ్మని మేం అట్లా అంటాం) దగ్గర్లో ఉన్న బోరింగు వదిలేసి దూరంగా ఉన్న బోరింగుకి పోతుంది. ఎందుకంటే దగ్గరది "అటు వాళ్ళ" బజార్లో ఉంది. బిందె మోసేది మాత్రం మా యాడే.

సేవా సంఘం అంటే ఏంటి?

నలుగురు కలిసి, జీతం తీసుకోకుండా, ఊరికి పనికొచ్చే పని చేయడానికి పెట్టుకున్నదే సేవా సంఘం. పట్నాల్లో రోటరీ క్లబ్బు, లయన్స్ క్లబ్బు అని బోర్డులు చూసే ఉంటారు. రోటరీ 1905లో అమెరికాలోని చికాగో నగరంలో పుట్టింది. పాల్ హారిస్ అనే వకీలు, ఒక బొగ్గు వ్యాపారి, ఒక గనుల ఇంజనీరు, ఒక దర్జీ, ఈ నలుగురూ మొదటిసారి కూర్చున్నారు. నలుగురివీ నాలుగు వృత్తులు! వంతులవారీగా ఒక్కొక్కరి చోట కలుసుకునేవాళ్ళు కాబట్టి ఆ పేరు వచ్చింది. లయన్స్ క్లబ్బులు 1917లో మొదలయ్యాయి, మన దేశానికి 1956లో వచ్చాయి. కళ్ళకి సంబంధించిన సేవకి వాటికి మంచి పేరు.

ఇంకా రెడ్ క్రాస్, స్కౌట్లు, కాలేజీల్లో ఎన్నెస్సెస్ ఉన్నాయి. ఎన్నెస్సెస్ 1969లో, అంటే గాంధీగారి శతజయంతి సంవత్సరంలో 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. అందులో చేరిన విద్యార్థులు ఒక పల్లెని ఎంచుకుని ఏడు రోజులు అక్కడే ఉండి పని చేస్తారు.

వీటితో శాంతి ఎట్లా వస్తుంది?

మొదటి సంగతి, గాయానికి పార్టీ లేదు. 1859 జూన్ 24న ఇటలీలో సోల్ఫెరినో అనే చోట పెద్ద యుద్ధం జరిగింది. వేలమంది గాయపడి పడి ఉన్నారు. వేరే పని మీద అటు వచ్చిన హెన్రీ డ్యూనాంట్ అనే స్విట్జర్లాండు వ్యాపారి అది చూసి, తన పని మానేసి, చుట్టుపక్కల ఆడవాళ్ళని కూడగట్టి వైద్యం చేయించాడు. ఆ తల్లులు ఇతను మనవాడా, శత్రువా అని చూడలేదు. అందరికీ నీళ్ళు పోశారు, అందరికీ కట్లు కట్టారు. దాంట్లోంచే 1863లో రెడ్ క్రాస్ పుట్టింది. 1901లో మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ఇద్దరిలో డ్యూనాంట్ ఒకడు. ఇవాళ రక్తదాన శిబిరంలో జరిగేదీ అదే. సంచిలోకి ఎక్కాక ఆ రక్తం ఏ కులానిదో, ఏ పార్టీదో ఎవరు చెప్పగలరు? గ్రూపు ఒక్కటే చూస్తారు.

రెండో సంగతి, కలిసి పని చేస్తే పగ కరుగుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు దేశంలోని వెర్డన్ ప్రాంతం నేలమట్టమైంది. 1920లో పియర్ సెరెసోల్ అనే స్విస్ ఇంజనీరు కొన్ని దేశాల యువకుల్ని అక్కడికి తీసుకెళ్ళి, కూలిపోయిన ఊరిని మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు. వాళ్ళల్లో జర్మన్లు కూడా ఉన్నారు. అంటే రెండేళ్ళ కిందటిదాకా శత్రువులన్నమాట. అక్కడివాళ్ళకి అది మింగుడుపడలేదు. కొద్ది నెలలకే శిబిరం ఆగిపోయింది. అయినా సెరెసోల్ వదల్లేదు. ఇంకో చోట, మరో చోట శిబిరాలు పెట్టుకుంటూ పోయాడు. 1934లో మన బీహారులో భూకంపం వస్తే సముద్రాలు దాటి వచ్చి, అక్కడి పల్లె జనంతో కలిసి ఇళ్ళు కట్టే పనిలో దిగాడు. సముద్రం అవతలి మనిషి మన మట్టి తట్ట మోశాడంటే, అంతకన్నా పెద్ద శాంతి ఉపన్యాసం ఏముంటుంది?

మూడో సంగతి, పిల్లల కోసం తుపాకులు కూడా ఆగుతాయి. మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్ అనే చిన్న దేశముంది. 1985లో అక్కడ ప్రభుత్వానికీ తిరుగుబాటుదార్లకీ మధ్య యుద్ధం నడుస్తోంది. పిల్లలకి టీకాలు వేయడానికని మూడు రోజులు రెండువైపులా కాల్పులు ఆపారు. అదే ఏడాది రోటరీ సంఘాలు ప్రపంచమంతా పోలియో లేకుండా చేస్తామని పూనుకున్నాయి. మన దేశంలో 1995 నుంచి పల్స్ పోలియో నడుస్తోంది. ప్రభుత్వం, ఆరోగ్య కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, సేవా సంఘాలు అందరూ కలిస్తేనే అది సాధ్యమైంది. 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్లో వచ్చిన కేసే మన దేశంలో చివరిది. 2014 మార్చి 27న మన ప్రాంతం పోలియో లేనిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఆ రెండు చుక్కలు మనమూ నోట్లో వేయించుకున్నవాళ్ళమే. అంటే ఎక్కడెక్కడి మనుషుల చందాలో, మనం పేరు కూడా ఎరగని వాళ్ళ శ్రమలో, మన నాలిక మీద దాకా వచ్చాయి. "ప్రపంచ శాంతి" అంటే మరీ అంత దూరం మాటేం కాదు.

ఒక చేదు మాట

ఇంతవరకూ మంచే రాశాను. ఇప్పుడు ఒక చేదు మాట కూడా రాయాలి. సేవ పేరుతో జరిగేదంతా శాంతిని తేదు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఒక సంఘం వాళ్ళు మా తండాకి దుప్పట్లు తెచ్చారు. మమ్మల్ని ఎండలో వరసగా నిలబెట్టారు. ఒక్కొక్కరు దుప్పటి పట్టుకుని ఫొటో దిగేదాకా అట్లాగే నుంచున్నాం. దుప్పటి వెచ్చగానే ఉంది, కాదనను. కానీ వాళ్ళు మా పేర్లు అడగలేదు, మేం వాళ్ళ పేర్లు అడగలేదు. మళ్ళీ రాలేదు.

ఇచ్చేవాళ్ళు ఎప్పుడూ స్టేజీ మీదా, పుచ్చుకునేవాళ్ళు ఎప్పుడూ లైన్లోనా ఉంటే అది దానం అవుతుందేమో గానీ స్నేహం కాదు. స్నేహం లేని చోట శాంతి ఎక్కడిది? సుగాలీలం, చెంచులం, ఎరుకలం, యానాదులం, మనం పుచ్చుకునేవాళ్ళుగా మాత్రమే ఉండకూడదు. చేసేవాళ్ళుగా కూడా ఉండాలి. సేవా సంఘంలో మన పేరు లబ్ధిదారుల పట్టీలో కాదు, సభ్యుల పట్టీలో ఉండాలి.

మన బడిలో జరిగింది

పోయిన ఏడు కుళాయి దగ్గర గొడవ గుర్తుందా? రెండు గదుల పిల్లల మధ్య మొదలై, బకెట్లు పగిలి, రెండు వారాలు మాటల్లేవు. ప్రార్థనలో ఐకమత్యం మీద చెప్పారు. అందరం చప్పట్లు కొట్టాం. సాయంత్రం మళ్ళీ మామూలే.

అప్పుడు సారు ఒక పని పెట్టారు. కుళాయి నీళ్ళు నిలిచి దోమలు పెరుగుతున్నాయి కదా, అక్కడ ఇంకుడు గుంత తవ్వమన్నారు. ఒక గడ్డపార ఒక గదికి, ఒక పార ఇంకో గదికి ఇచ్చారు. గడ్డపార వాళ్ళు తవ్వితే గానీ పార వాళ్ళకి పని లేదు. పార వాళ్ళు మట్టి ఎత్తితే గానీ గడ్డపార దిగదు. మొదటి రోజు మూగగానే చేశాం. రెండో రోజు "ఆగు, కాలు తియ్, తగులుద్ది" అన్నాడు అటువాడొకడు. అంతే, అదే మొదటి మాట. మూడో రోజుకి రాళ్ళు పేర్చడం దగ్గర వాదన కూడా వచ్చింది, నవ్వులు కూడా వచ్చాయి. ఇప్పుడు ఆ గుంత ఎవరిదంటే రెండు గదులవాళ్ళూ "మాది" అంటారు.

మనం ఏం చేయొచ్చు?

1. మన బడిలో ఒక సేవా సంఘం పెట్టుకుందాం. రోటరీ వాళ్ళకి 12 నుంచి 18 ఏళ్ళ పిల్లల కోసం ఇంటరాక్ట్ అని ఉంది, అది 1962లో మొదలైంది. జూనియర్ రెడ్ క్రాస్ ఉంది. ఏదీ కుదరకపోతే పేరు లేని సంఘమైనా పరవాలేదు.

2. ప్రతి జట్టులోనూ అన్ని గదులవాళ్ళూ, అన్ని తెగలవాళ్ళూ ఉండాలి. ఒకే ఊరివాళ్ళు ఒకే జట్టు కాకూడదు.

3. పెద్దరికం వంతులవారీగా మారాలి. రోటరీలో అధ్యక్షుడు ప్రతి జూలైలో మారిపోతాడు. కుర్చీ ఒకరికే అతుక్కుంటే సంఘం పార్టీ అయిపోతుంది.

4. డబ్బు పైసా అయినా లెక్క ఈ గోడ మీదే రాయాలి. అనుమానం మొదలయ్యేది లెక్క దగ్గరే.

5. పని అయ్యాక కలిసి తినాలి. మన చాపకూడు మనకి ఉండనే ఉంది. ఈసారి చాప అటు పక్షం దాకా పరుద్దాం.

6. లయన్స్ వాళ్ళు 1988 నుంచి 11, 12, 13 ఏళ్ళ పిల్లలకి శాంతి మీద బొమ్మల పోటీ పెడుతున్నారు. బొమ్మలు బాగా వేసే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ సారుని అడగండి.

ఒక హెచ్చరిక కూడా వినండి. కర్రలు లేచిన చోట మధ్యకి దూరి శాంతి చేస్తామని పోవద్దు. అది పిల్లల పని కాదు. పెద్దవాళ్ళకి చెప్పండి, 112కి ఫోన్ చేయించండి. పిల్లలకి ఆపద అయితే 1098 ఉంది. సంఘం పోలీసులకీ కోర్టుకీ బదులు కాదు. అక్కడిదాకా పోకుండా ముందుగా చేసుకునే ఏర్పాటు.

చివరగా

సంక్రాంతి సెలవులకి ఇంటికి పోయినప్పుడు నేనొక పని చేద్దామనుకుంటున్నాను. మా తండాలో ఆ దగ్గరి బోరింగు చుట్టూ బురద. నాతోపాటు "అటు వాళ్ళ" పిల్లవాడు ఒకడు ఈ బడిలోనే చదువుతున్నాడు. ఇద్దరం కలిసి రాళ్ళు పరిచి, నీళ్ళు పోయే దారి తీద్దామని మాట్లాడుకున్నాం. పెద్దవాళ్ళు తిడతారేమో తెలీదు. ఒప్పుకుంటే మాత్రం మా యాడి ఆ బోరింగు దగ్గరికి బిందె తీసుకుని వస్తుంది. అప్పుడు మా తండాకి శాంతి వచ్చిందని ఈ గోడ మీదే రాస్తాను. రాకపోతే, ఎందుకు రాలేదో అదీ రాస్తాను.

ఈ వ్యాసం కింద ఒక తెల్ల కాగితం అంటించాను. మీ ఊళ్ళో రెండు పక్షాలవాళ్ళకీ అవసరమైన పని ఒకటి ఆలోచించి దాని మీద రాయండి. పేరు రాయకపోయినా పరవాలేదు. పని మాత్రం రాయండి.

– పదో తరగతి విద్యార్థి