కంకర మందం తేల్చే రేకు

ఢిల్లీలోని మయూర్ విహార్ ఫేజ్-1లో మెట్రో బ్లూ లైన్ రైళ్లు 2009 నుంచి స్తంభాల మీద నడుస్తున్నాయి. దానికి చేరువలో ఢిల్లీ–మీరట్ ఎక్స్‌ప్రెస్‌వే తొలి భాగం 2018లో తెరుచుకుంది. ఇలాంటి పనులకు వచ్చే కంకరకు గట్టిదనం ఒక్కటే చాలదు, ఆకారం కూడా కుదరాలి. ఆ ఆకారాన్ని తేల్చే పరికరం సన్నటి సందులు కోసిన ఒక లోహపు రేకు. సైట్ ల్యాబుల్లో దాన్ని థిక్‌నెస్ గేజ్ అంటారు.

దీని అవసరం క్రషర్‌తో పెరిగింది. అమెరికాలో ఎలీ విట్నీ బ్లేక్ 1858లో జా క్రషర్‌కు పేటెంటు పొందాడు. రెండు ఉక్కు దవడల మధ్య రాయి నలుగుతుంటే ముక్కలతో పాటు పెచ్చులూ రాలతాయి. జల్లెడ వాటిని పట్టలేదు. వెడల్పు కన్నంలో పడితే చాలు, ముక్క ఎంత పల్చనైనా జారిపోతుంది.

అందుకే జల్లెడ తర్వాత గేజ్ రంగంలోకి దిగుతుంది. మన దేశంలో ఈ పరీక్షకు ఆధారం 1963 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 2386 మొదటి భాగం. 20 మిల్లీమీటర్ల జల్లెడ దాటి 16 మీద ఆగిన రాళ్ల సగటు కొలత 18. అందులో 0.6 వంతు 10.8. అంత వెడల్పున్న సందులోంచి దూరిన రాయి పెచ్చు కిందే లెక్క. ఒక్కో సైజులో కనీసం 200 ముక్కల్ని ఇలా ఒకటొకటిగా చూసి, దూరినవాటి బరువును మొత్తం బరువులో శాతంగా కడతారు. అదే ఫ్లేకీనెస్ ఇండెక్స్. సగటుకు 1.8 రెట్లు, అంటే ఇక్కడ 32.4 మిల్లీమీటర్లు మించి పొడవున్నవి సాగిన రాళ్లు. 6.3 మిల్లీమీటర్ల కంటే చిన్నవాటికి ఈ పరీక్ష లేదు.

పెచ్చులతో చిక్కేమిటి? రోలరు కింద అవి పుటుక్కున విరుగుతాయి. విరిగిన కొత్త అంచులకు తారు పూత ఉండదు, నీరు అక్కడే పని మొదలుపెడుతుంది. కాంక్రీటులో అవి బల్లపరుపుగా పడుకుంటే అడుగున నీరు చేరి, గట్టిపడ్డాక ఖాళీలు మిగులుతాయి. కలపడానికి నీళ్లూ సిమెంటూ కూడా ఎక్కువ పడతాయి.

అందుకే పరిమితులు పెట్టారు. ముందు పెచ్చుల్ని ఏరేసి, మిగిలినవాటిలో సాగినవాటిని చూసి, రెండు శాతాలూ కలుపుతారు. ఆ మొత్తం కాంక్రీటు కంకరకు 40 దాటకూడదని ఐఎస్ 383 (2016) చెబుతోంది. జాతీయ రహదారుల తారు పొరలకు రోడ్డు రవాణా శాఖ 2013 నిబంధనల్లో ఆ హద్దు 35. యూరప్‌లో రేకు బదులు సమాంతర కడ్డీల జల్లెడ వాడతారు. రాళ్లను కుప్పగా పోసి ఊపితే పెచ్చులు కిందికి జారిపోతాయి.

గేజ్ చెప్పిన అంకె చివరికి క్వారీకే చేరుతుంది. పొరలు పొరలుగా ఉన్న రాయైతే పెచ్చులు తప్పించడం కష్టం. మామూలు రాయికి మాత్రం మందులున్నాయి: క్రషర్ నోటిని ఎప్పుడూ నిండుగా ఉంచడం, పెద్ద బండను ఒక్క దెబ్బకే చిన్నది చేయకుండా అంచెలంచెలుగా నలగ్గొట్టడం, ఆఖరున రాయిని రాయికేసి విసిరి కొట్టే వీఎస్ఐ యంత్రం పెట్టడం. లారీ సైటుకు వచ్చాక తిప్పి పంపడం కన్నా ఇదే చవక.