బడి దూరమే... ఫోన్ దగ్గరే

2020 మార్చి. కరోనాతో బడులు మూతపడబోతున్నాయని తెలియగానే బోట్స్‌వానాలో యంగ్ లవ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు హడావుడిగా ఒక పని చేశారు. ప్రాథమిక పాఠశాలల నుంచి పిల్లల ఇళ్ల ఫోన్ నెంబర్లు రాసుకున్నారు. ఆఫ్రికా దక్షిణ భాగంలో ఉన్న ఆ దేశంలో ఇంటర్నెట్ అందని ఇళ్లు చాలా ఉన్నాయి. మామూలు ఫోన్ మాత్రం దాదాపు ప్రతి గడపలోనూ ఉంది.

నాలుగున్నర వేల కుటుంబాలతో, 3 నుంచి 5వ తరగతి చదివే పిల్లలతో ప్రయోగం మొదలైంది. కొందరికి వారానికోసారి ఎస్సెమ్మెస్‌లో లెక్కలు పంపారు. మరికొందరికి ఆ మెసేజ్‌తో పాటు 15-20 నిమిషాల ఫోన్ కాల్. పోల్చి చూడటానికి ఇంకొందరిని వదిలేశారు.

కాల్‌లో ఆర్భాటం ఏమీ లేదు. అమ్మో నాన్నో ఫోన్ ఎత్తుతారు, పిల్లను పిలుస్తారు, స్పీకర్ పెడతారు. మెసేజ్‌లో వచ్చిన లెక్కను పిల్ల కాగితం మీద చేసి, ఎలా చేసిందో పైకి చెబుతుంది. పదుల స్థానం, ఒకట్ల స్థానం దగ్గర తడబడితే అవతలి మనిషి అక్కడే ఆగుతాడు. అది వచ్చాకే తర్వాతి లెక్క. పిల్ల ఏ తరగతిలో ఉందన్నది పక్కనపెట్టి, ఎంతవరకు వచ్చో అక్కడి నుంచే చెప్పే ఈ పద్ధతి మన దేశంలో ప్రథమ్ సంస్థ తీర్చిదిద్దినదే. ఇదంతా ఇంట్లో పెద్దవాళ్లు పక్కనే ఉండి వింటారు.

ఫలితం తేటగా వచ్చింది. కాల్ అందుకున్న పిల్లల్లో కనీసం కూడిక కూడా రానివాళ్ల వాటా 31 శాతం తగ్గింది. ఒట్టి మెసేజ్‌లు అందుకున్న పిల్లల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. తమ బిడ్డకు ఎంతవరకు వచ్చో తల్లిదండ్రుల అంచనా కూడా మెరుగుపడింది. నన్ను ఎక్కువగా కదిలించింది ఇదే. చదువుకోని తల్లికి ప్రోగ్రెస్ కార్డు ఏం చెబుతుంది? బిడ్డ లెక్క చేస్తుంటే విన్న తల్లికి మాత్రం సంగతి తెలిసిపోతుంది.

తర్వాత ఇదే పద్ధతిని భారత్, కెన్యా, నేపాల్, ఫిలిప్పీన్స్, ఉగాండాల్లో 16 వేల మందికి పైగా పిల్లలతో పరీక్షించారు. అక్కడా కాల్స్‌దే పైచేయి. సంస్థ మనుషులు చేసినా, ప్రభుత్వ టీచర్లు చేసినా ఫలితం దాదాపు ఒకేలా ఉంది.

మరి మనం ఏం చేశాం? కరోనా కాలంలో ఆంధ్రప్రదేశ్ దూరదర్శన్ సప్తగిరిలో విద్యావారధి పాఠాలు నడిపింది. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ యాదగిరి చానల్, టీశాట్‌లలో తరగతులు ప్రసారం చేసింది. చేయవలసిన పనులే అవి. కానీ టీవీలో టీచర్‌కు పిల్లాడి నోట్‌బుక్ కనిపించదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. నెట్ లేకుండానే చూసేలా పాఠాలు ముందే నింపి ఇవ్వడం తెలివైన ఆలోచన, సిగ్నల్ కోసం గుట్టలెక్కే ఏజెన్సీ ఊళ్లకు మరీనూ. అయినా పిల్లాడు ఎక్కడ ఆగిపోయాడో వీడియోకు తెలియదు.

పరికరాల కొరత ఇప్పుడు పెద్ద సాకు కాబోదు. పల్లె పిల్లల చదువుల తీరును కొలిచే అసర్ సర్వే ప్రకారం 2018లో గ్రామీణ బడిపిల్లల ఇళ్లలో 36.5 శాతానికే స్మార్ట్‌ఫోన్ ఉండేది. 2020కి అది 61.8 శాతమైంది. 2024 నివేదికలో 14-16 ఏళ్ల పిల్లల ఇళ్లలో దాదాపు 90 శాతానికి చేరింది. స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చిన ఆ వయసు పిల్లల్లో అంతకుముందు వారం చదువు పనికి ఫోన్ వాడినవాళ్లు మాత్రం 57 శాతమే. సోషల్ మీడియాకైతే 76 శాతం. ఆడపిల్లల చేతికి ఫోన్ ఇవ్వడానికి వెనకాడే ఇళ్లు ఇంకా ఎన్నో. అలాంటి చోటా దారి ఉంది. 2009లో పాకిస్తాన్ పంజాబ్‌లో యునెస్కో 250 మంది ఆడపిల్లలకు ఉర్దూ మెసేజ్‌లు పంపించి, వాటిని చదివి నోట్‌బుక్‌లో రాసుకునేలా చేసింది. మొదట అనుమానంగా చూసిన ఇంటివాళ్లే తర్వాత మెత్తబడ్డారు.

మన దగ్గర ఈ ఫోన్ పాఠం అందరికంటే ముందు అందాల్సింది సుగ్గికి, అంటే సీజన్ కూలి పనులకు వలస పోయే కుటుంబాల పిల్లలకు. కర్నూలు జిల్లాలోని కోసిగి, మంత్రాలయం, ఆదోని పల్లెల నుంచి ఏటా గుంటూరు వైపు మిరప కోతలకు కుటుంబాలు కదులుతాయి. సీజనల్ హాస్టళ్లు కొందరిని ఆపగలుగుతున్నాయి. మిగతా పిల్లలు అమ్మానాన్నలతో వెళ్లి చేల గట్ల మీదే ఉండిపోతారు. తిరిగి వచ్చేసరికి తరగతి ముందుకు పోయి ఉంటుంది, కొందరు ఇక బడి ముఖమే చూడరు. ఆ కుటుంబంతో పాటు వెళ్లేది ఒక్కటే, నాన్న జేబులో ఫోన్. పగలంతా చేలో ఉంటారు కాబట్టి కాల్ రాత్రి భోజనాల వేళే చేయాలి. అది టీచర్లకు అదనపు భారమే. అందుకే ఆ పనికి గౌరవ వేతనమిచ్చి, ఊళ్లో ఇంటర్, డిగ్రీ చదివిన యువతను తీసుకోవాలి.

కర్నూలు జిల్లా విద్యాధికారులకు, ప్రధానోపాధ్యాయులకు ఒక విన్నపం. హాజరు పట్టీలో ‘వలస’ అని రాసి వదిలేయకండి. పక్కనే తండ్రి నెంబరు రాసుకోండి. వారానికి ఇరవై నిమిషాలు, ఒక్కో పిల్లకు ఒక్క కాల్. వచ్చే సీజన్‌లో ఒక్క మండలంలోనైనా మొదలుపెట్టండి.