అవ్వ మాట నోటుబుక్కులోకి

గాయానికి పసుపు అద్దాలని మన ఇళ్లలో ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు. అయినా గాయాలు మానడానికి పసుపు వాడే పద్ధతికి 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ మరుసటి ఏడాది అభ్యంతరం తెలిపింది. ‘మా అవ్వలకు ఎప్పుడో తెలుసు’ అంటే అప్పట్లో అక్కడ చెల్లేది కాదు, రాతలో చూపాల్సి వచ్చింది. సంస్కృతం, ఉర్దూ, హిందీ రాతలతో పాటు 1953 నాటి భారతీయ వైద్య పత్రిక వ్యాసాన్నీ చేర్చి 32 ఆధారాలు చూపారు. 1997లో పేటెంటు రద్దయింది.

పుస్తకాలకెక్కిన మాట అలా నిలిచింది. మరి మన అవ్వల నోట మాత్రమే ఉన్నది?

తమిళనాడులోని మా తెలుగు బడిలో ఏడో తరగతి పిల్లలు మొక్క పేరు, వాడే భాగం, ఏ బాధకు వాడతారో ఇంట్లో అడిగి తెలుగులో రాసుకొస్తారు. ఒకసారి ఒకే ఆకుకు ఇద్దరు అవ్వలు రెండు పేర్లు చెప్పారు. తరగతిలో పెద్ద వాదన! కొమ్మ తెచ్చి చూపమన్నాను. ఏ మొక్కో కచ్చితంగా తేల్చుకోవడమే పరిశోధనలో మొదటి మెట్టు.

రాసినంత మాత్రాన అది మందు కాదు. మోతాదు ఎంత, ఎవరికి మేలు, ఎవరికి హాని అన్నది పరీక్షలే తేల్చాలి. అందాకా పిల్లలు ఏదీ నోట పెట్టకూడదని గట్టిగా చెబుతాను.

‘తెలుగు చదివి ఏం లాభం?’ అని అడిగే తల్లిదండ్రులకు ఆ నోటుబుక్కులే చూపిస్తాను. అవ్వ మాట రాయడం మనవడికి రాకపోతే, అది ప్రయోగశాల దాకా చేరేదెలా?