అర చెంచా టీ పాటి వేడి

2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురిలో ఒక తుక్కు వ్యాపారికి ఒళ్ళు నల్లబడింది, జుట్టు ఊడిపోయింది. పోనీ నిప్పు తగిలిందా, యాసిడ్ పడిందా అంటే అదీ లేదు. తీరా ఆరా తీస్తే తెలిసిందేంటంటే, ఆ సరుకు మనలాంటి స్టూడెంట్లు తిరిగే ల్యాబ్ నుంచే వచ్చింది. ఢిల్లీ యూనివర్సిటీ కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో 1985 నుంచి మూలనపడ్డ గామా ఇర్రేడియేటర్‌ని ఆ ఫిబ్రవరిలో వేలంలో అమ్మేశారు. మార్కెట్లో దాన్ని విప్పితే లోపల కోబాల్ట్-60 ఉంది. ఎనిమిది మంది ఆస్పత్రి పాలయ్యారు, వాళ్ళలో ఒకరు చనిపోయారు.

కోబాల్ట్-60 హాఫ్ లైఫ్ 5.27 ఏళ్ళే కదా, 1970 ప్రాంతంలో కొన్నది ఈపాటికి చల్లారిపోయి ఉండాలిగా అని మీకు అనుమానం రావచ్చు. లెక్క వేయండి. 40 ఏళ్ళంటే ఏడున్నర హాఫ్ లైఫ్‌లు. మొదట ఉన్నదాంట్లో సుమారు రెండొందలో వంతు మిగులుతుంది. ఇంత పని చేసింది ఆ మిగిలిందే!

అసలు వింత ఇంకోటుంది. ఒంట్లో కిలోకి ఒక జౌల్ శక్తి దిగితే దాన్ని 1 గ్రే అంటారు. ఒళ్ళంతటికీ ఒక్కసారిగా 4 గ్రేలు పడి, వైద్యం అందకపోతే, సుమారు సగం మంది రెండు నెలల్లోపు చనిపోతారు. 70 కిలోల మనిషికి అది 280 జౌల్స్. మన క్యాంటీన్ టీ అర చెంచాడు తాగితే ఒంటికి అందే వేడి కూడా దాదాపు అంతే. ఒంటి ఉష్ణోగ్రత డిగ్రీలో వెయ్యో వంతు పెరుగుతుందంతే. మరి ప్రాణం ఎందుకు పోతుంది?

టీ వేడిని కోటానుకోట్ల అణువులు తలా కాస్త పంచుకుంటాయి, ఏ ఒక్కదానికీ దెబ్బ తగలదు. గామా కిరణం అలా పంచదు. కోబాల్ట్ నుంచి వచ్చే ఒక్కో ఫోటాన్‌లో పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులకి పైనే ఉంటుంది. ఒక రసాయన బంధం తెగడానికి నాలుగైదు చాలు. అది ఒక ఎలక్ట్రాన్‌ని తన్ని తరిమితే, ఆ ఎలక్ట్రాన్ దారిపొడుగునా మిగతావాటిని ఊడగొడుతూ పోతుంది. ఒంట్లో ఎక్కువ ఉన్నది నీరే కాబట్టి దెబ్బ ఎక్కువగా నీటికే తగులుతుంది. నీరు విరిగి పుట్టిన హైడ్రాక్సిల్ రాడికల్ పక్కనున్న డీఎన్‌ఏ మీద పడుతుంది. డీఎన్‌ఏలో ఒక పోగు తెగితే, రెండో పోగుని చూసి కణం అతికేసుకుంటుంది. రెండూ ఒకే చోట తెగితేనే కష్టం. 1 గ్రేకి ఒక్కో కణంలో ఇలాంటి జంట తెగుళ్ళు 40 దాకా ఉంటాయి. వీటిని అతికేటప్పుడు ఒక దాని కొస ఇంకోదానికి అంటుకుపోవచ్చు.

అలా పాడైన కణం చాలాసార్లు వెంటనే చావదు, విభజన చెందబోయేటప్పుడు చస్తుంది. అందుకే ఎప్పుడూ విభజన జరుగుతూ ఉండే ఎముక మజ్జ, పేగు లోపలి పొర, జుట్టు కుదుళ్ళు ముందు దెబ్బతింటాయి. పెద్ద మోతాదు పడినవాళ్ళకి మొదటి రోజు వాంతులవుతాయి. తర్వాత తేరుకున్నట్టే ఉంటుంది. ఈ మధ్య రోజులే పెద్ద మోసం. గోడౌన్‌లో సరుకు ఉన్నన్నాళ్ళూ షాపు నడుస్తుంది, ఫ్యాక్టరీ మూతపడిన సంగతి తర్వాతెప్పుడో తెలుస్తుంది. రక్తంలో ఉన్న పాత కణాలు అయిపోయేసరికి మజ్జ నుంచి కొత్తవి రావు. మూడో వారం, నాలుగో వారంలో ఇన్ఫెక్షన్లు, రక్తస్రావం మొదలవుతాయి.

దూరం కూడా లెక్కే. మాయాపురిలో ఒకాయన కోబాల్ట్ ముక్కని పర్సులో పెట్టుకుని తిరిగాడు. మీటరు దూరంలో ఉన్నది సెంటీమీటరు దూరానికి వస్తే మోతాదు పదివేల రెట్లవుతుంది. పర్సు ఆనిన చోట పుండు పడింది. అయితే గామా తగిలినంత మాత్రాన మనిషి రేడియోధార్మికం అయిపోడు, ఆయన్ని ముట్టుకుంటే మనకేమీ అంటదు.

ఇది చదివి ఎక్స్‌రే తీయించుకోవడం మానేయకండి. ఛాతీ ఎక్స్‌రే 0.1 మిల్లీసీవర్ట్ లోపే. నేల, గాలి, ఆకాశం నుంచి ఏడాదికి సగటున 2.4 ఎలాగూ అందుతుంది. పైన చెప్పిన 4 గ్రేల గామా అంటే 4000 మిల్లీసీవర్ట్‌లు. ఇక సెల్ టవర్ తరంగాలకి ఎలక్ట్రాన్‌ని ఊడగొట్టే శక్తే లేదు.

క్యాన్సర్ డాక్టర్లు వాడుకునేది కూడా ఈ విభజన బలహీనతనే. గడ్డ ఉన్న చోటికే గురిపెట్టి, మొత్తం 50, 60 గ్రేల దాకా ఇస్తారు. కానీ ఒకేసారి కాదు, రోజుకి 2 గ్రేల చొప్పున, వారాల తరబడి. ఆ మధ్యలో దొరికే ఒక్కో రాత్రీ చుట్టుపక్కల మంచి కణాలు తెగిన పోగులు అతుక్కోడానికి.