మీకు తెలుసా? వద్దన్న బండిలోంచే కావాల్సిన స్టీరింగ్

అమెరికాలో అమ్మిన టయోటా ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్‌లకు 1985 మోడల్ దాకా ముందు కూడా ఒకే నిండు యాక్సిల్, కమాన్ కట్టలు ఉండేవి. 1986 మోడల్‌తో ముందు చక్రాలు దేనికది కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్ వచ్చింది. రోడ్డు మీద హాయే గానీ, బండరాళ్లెక్కే వాళ్లకు రుచించలేదు. చాలామంది దాన్ని కోసేసి పాత యాక్సిల్ బిగించుకున్నారు.

అయితే పాత పద్ధతికీ ఒక పేచీ ఉంది. అందులో స్టీరింగ్ రాడ్ ముందుకూ వెనక్కూ తోస్తూ ఎడమ చక్రాన్ని తిప్పుతుంది. బండిని నాలుగంగుళాలు లేపితే రాడ్ ఏటవాలవుతుంది. ఇక గుంతలో యాక్సిల్ దిగినా లేచినా, డ్రైవర్ ప్రమేయం లేకుండానే చక్రాలు పక్కకు లాగుతాయి.

దీనికి మందు క్రాస్‌ఓవర్ స్టీరింగ్: రాడ్‌ను అడ్డంగా అవతలి చక్రానికి కలపడం. అందుకు స్టీరింగ్ బాక్స్ కింది ఆర్మ్ అటూ ఇటూ ఊగాలి. అలా ఊగే బాక్స్ ఎక్కడుంది? పనికిరాదని సస్పెన్షన్ పీకేసిన ఆ 1986 తర్వాతి బండిలోనే! మెకానిక్కులు దాన్నే తెచ్చి పాత యాక్సిల్‌తో కాపురం పెట్టిస్తారు. బాక్స్ బోల్టులు పడే చోట చాసిస్‌కు మందపాటి ప్లేటు వెల్డింగ్ చేయిస్తారు, లేకుంటే ఫ్రేమ్ పగుళ్లివ్వొచ్చు.